బొగ్గు కోసం వచ్చిన రైలు: డోర్నకల్ నుంచి చెల్పూర్ దాకా

కాజీపేటలో విజయవాడ బండి ఎక్కితే వరంగల్, మహబూబాబాద్ దాటాక డోర్నకల్ జంక్షన్ వస్తుంది. మెయిన్ లైను ఖమ్మం వైపు సాగిపోతుంది. మరో లైను కారేపల్లి మీదుగా తూర్పున ఉన్న గుట్టలు, అడవుల్లోకి చీలుతుంది. కారేపల్లి దగ్గర అది మళ్లీ రెండు పాయలవుతుంది. ఒకటి ఇల్లెందుకు, ఇంకొకటి కొత్తగూడెం, మణుగూరులకు. డోర్నకల్ చిన్న ఊరే. అది జంక్షన్ ఎలా అయిందో తెలిస్తే, భూపాలపల్లి బొగ్గు పక్కనే ఉన్న చెల్పూర్‌కు రైలు ఎందుకు రాలేదో కూడా తెలుస్తుంది.

1871లో భారత భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు ఉన్నట్టు కనిపెట్టాడు. అడవి నడుమ దొరికిన ఆ బొగ్గును ఎడ్ల బండ్ల మీద బయటికి చేర్చడం లాభసాటి పని కాదు. పట్టాలు పడితేనే దానికి విలువ.

నిజాం రాజ్యంలో మొదటి రైలు దారి వాడి నుంచి సికింద్రాబాద్‌కు 1874లో పడింది. దాన్ని తూర్పుకు, చాందా వైపుకు పొడిగించే పథకం 1883లో హైదరాబాద్‌లో పెద్ద రగడ రేపింది. ఒప్పందం వివరాలు జనానికి చెప్పాలని పట్టుబట్టిన వాళ్లలో సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ ఒకరు. ఆ పట్టుదలకు ప్రభుత్వం ఆయన్ను రాజ్యం నుంచే వెళ్లగొట్టింది. ఉద్యమకారుల అనుమానానికి కారణం ఉంది. లండన్‌లో పుట్టిన నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ పెట్టుబడి మీద నిజాం ఖజానా ఏటా 5 శాతం రాబడికి హామీ పడింది. బండి నిండినా నిండకపోయినా కంపెనీకి ఆ సొమ్ము ముట్టాల్సిందే.

ఆ తర్వాత పని చకచకా సాగింది. జనగామ మీదుగా 1886లో రైలు వరంగల్ చేరింది. గనుల హక్కులు హైదరాబాద్ దక్కన్ కంపెనీ చేతికి వెళ్లింది కూడా అదే ఏడాది. 1888లో పట్టాలు డోర్నకల్ దాటి బొగ్గు గనులను తాకాయి. మరుసటి ఏడు బెజవాడ లైను తెరుచుకుంది, ఇల్లెందులో బొగ్గు ఉత్పత్తి మొదలైంది. ఇల్లెందు స్టేషన్‌కు సింగరేణి కాలరీస్ అనే పేరే పడింది. కారేపల్లి దగ్గరి సింగరేణి పల్లె పేరు గనులకు, ఆ తర్వాత కంపెనీకి దక్కింది. 1883లో అంత గొడవ రేపిన చాందా దారి మాత్రం కాజీపేట–బల్లార్షా లైనుగా పూర్తయ్యేసరికి 1929 వచ్చింది.

బొగ్గు కోసం వేసిన పట్టాల మీద బొగ్గు ఒక్కటే నడవలేదు. తిరునల్వేలి నుంచి వచ్చిన తమిళ క్రైస్తవ ప్రచారకులు ఈ ప్రాంతాన్ని తమ కేంద్రంగా చేసుకున్నారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య పీఠం డోర్నకల్‌లోనే వెలిసింది. గుమ్మటాలు, మినార్లు, ఆలయ స్తంభాలు కలిసిన ఇక్కడి ఎపిఫనీ కెథడ్రల్‌ను 1939లో ప్రతిష్ఠించారు. రైలు ఆగే చోట బడులు, సంతలు, కొత్త బతుకుదెరువులు పెరగడం డోర్నకల్‌లో కళ్లకు కనిపిస్తుంది.

చెల్పూర్ కథ వేరు. ఇదీ గోదావరి లోయ బొగ్గు నేలే. కానీ ఇక్కడ బొగ్గు దూర ప్రయాణం చేయనక్కర లేకపోయింది. కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రాన్ని గనుల చెంతనే కట్టారు. 500 మెగావాట్ల తొలి యూనిట్ 2010లో, 600 మెగావాట్ల రెండోది 2016లో వాణిజ్య ఉత్పత్తిలోకి వచ్చాయి. బొగ్గు పోవాల్సిన చోటికి కరెంటు తీగల మీద పోతోంది. రైలు తెచ్చే అవసరమే ప్లాంటు తీసేసింది.

అయితే బరువు ఊరి రోడ్డు మీద పడింది. యూనిట్ కరెంటుకు 600 గ్రాముల బొగ్గు చొప్పున చూసినా, 1,100 మెగావాట్లు రోజంతా నడవడానికి సుమారు 16 వేల టన్నులు కావాలి. గూడ్సు బండ్లయితే నాలుగు చాలు. 25 టన్నుల లారీలయితే 600 ట్రిప్పులు దాటుతాయి. ఆ దుమ్మూ ఆ ప్రమాద భయమూ రోడ్డు పక్క ఇళ్లవాళ్లవి, బడికి నడిచే పిల్లలవి.

రామగుండం నుంచి భూపాలపల్లి మీదుగా మణుగూరుకు లైను వేయాలన్న ప్రతిపాదన ఏళ్లుగా ఉంది. దాన్ని బొగ్గు కారిడార్ అంటున్నారు. అది నిజమైతే ప్లాంటుకు సైడింగ్ ఒక్కటి వేసి ఊరుకుంటే చాలదు. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికి వెళ్లే రోగులు, హనుమకొండలో చదివే పిల్లలు ఇప్పుడు బస్సులో దాదాపు 60 కిలోమీటర్లు పోతున్నారు. ఘనపురం కోటగుళ్లకు, 2021లో యునెస్కో గుర్తింపు పొందిన రామప్పకు వచ్చేవాళ్లూ రోడ్డునే నమ్ముకోవాలి. డోర్నకల్‌లో 1888 నుంచి బొగ్గు దారే జనం దారి కూడా అయింది. చెల్పూర్ అడగాల్సింది అదే: లైను నక్షా గీసే రోజునే ప్రయాణికుల ప్లాట్‌ఫాంకు చోటు, ప్యాసింజర్ బండికి టైం టేబుల్.