టామాక్సిఫెన్: అనుమతితో ముగియని చరిత్ర

జనరల్ స్టడీస్‌లో ఔషధాలపై ప్రశ్న వస్తే చాలామంది మందు కనుగొన్న సంవత్సరం, అనుమతి వచ్చిన సంవత్సరం రాసి ఆపేస్తారు. అసలు చరిత్ర ఆ తర్వాతే మొదలవుతుంది. రొమ్ము క్యాన్సర్‌కు వాడే హార్మోన్ నిరోధక మందులు ఇందుకు మంచి ఉదాహరణ.

1896లో గ్లాస్గో వైద్యుడు జార్జ్ బీట్సన్, అండాశయాలు తొలగిస్తే కొందరు మహిళల్లో ముదిరిన రొమ్ము క్యాన్సర్ తగ్గుముఖం పట్టిందని ప్రకటించారు. ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ పేరు కూడా అప్పటికి లేదు. 1962లో ఇంగ్లండ్‌లోని ఐసీఐ కంపెనీలో డోరా రిచర్డ్‌సన్ టామాక్సిఫెన్‌ను తయారుచేశారు. వాళ్లు వెతికింది గర్భనిరోధకం కోసం. అందులో అది విఫలమై, క్యాన్సర్ మందుగా నిలిచింది. బ్రిటన్‌లో 1973లో, అమెరికాలో 1977లో అనుమతి లభించింది. ఇదే కోవకు చెందిన సెంట్‌క్రోమాన్‌ను లక్నోలోని సీడీఆర్ఐ గర్భనిరోధకంగానే అభివృద్ధి చేసింది. ‘సహేలి’, ‘ఛాయ’ మాత్రలు అవే. ప్రిలిమ్స్‌కు గుర్తుంచుకోండి.

ఇప్పుడు కీలకాంశం. టామాక్సిఫెన్ రొమ్ములో ఈస్ట్రోజెన్‌ను అడ్డుకుంటుంది, గర్భాశయంలో మాత్రం ఈస్ట్రోజెన్‌లా పనిచేస్తుంది. అందుకే దీర్ఘకాలం వాడినవారిలో గర్భాశయ లోపలి పొర క్యాన్సర్, రక్తనాళాల్లో గడ్డలు కొంత పెరిగాయి. 1996లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. అయినా ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉంది. ఈ రెండూ ఎలా నిజమవుతాయి?

2013లో ప్రచురితమైన ‘అట్లాస్’ అధ్యయనం జవాబిస్తుంది. ఐదేళ్లకు బదులు పదేళ్లు వాడినప్పుడు, చికిత్స మొదలైన 5 నుంచి 14 ఏళ్ల మధ్య రొమ్ము క్యాన్సర్ మరణాల ముప్పు 15 శాతం నుంచి 12.2 శాతానికి తగ్గింది. గర్భాశయ క్యాన్సర్ ముప్పు 1.6 నుంచి 3.1 శాతానికి పెరిగింది, దానివల్ల మరణించే ముప్పు 0.2 నుంచి 0.4 శాతానికి చేరింది. నష్టం నిజమే, లాభం అంతకంటే పెద్దది.

1990ల్లో వచ్చిన అనస్ట్రోజోల్, లెట్రోజోల్ మరో దారి పట్టాయి. ఇవి శరీరంలో ఈస్ట్రోజెన్ తయారీనే తగ్గిస్తాయి. గర్భాశయానికి ఆ ముప్పు లేదు కానీ ఎముకలు పలచబడతాయి, కీళ్లు నొప్పి పెడతాయి.

ఇక పాలనా కోణం. అండమాన్‌లోని చాతం దీవిని ఊహించండి. 1883 నాటి రంపపు మిల్లు ఉన్న చోటు అది. అక్కడి ఒక తెలుగు మహిళ సముద్రం దాటి చెన్నైలో చికిత్స చేయించుకుని తిరిగొచ్చింది అనుకోండి. ఐదేళ్లు రోజూ మాత్ర వేసుకోవాలి. ముట్లుడిగాక రక్తస్రావం కనిపించినా, పిక్క వాచినా ఎవరికి చెప్పాలి? భయపడి తనంతట తానే మాత్ర మానేస్తే క్యాన్సర్ తిరగబెట్టే ప్రమాదం ఉంది. వెంటనే దగ్గరి వైద్యుడికి చూపించాలి. 2010లో మొదలైన భారత ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి కూడా తెలియజేయవచ్చు. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దీనికి జాతీయ సమన్వయ కేంద్రం. టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024కు రోగి స్వయంగా ఫోన్ చేయవచ్చు.

మెయిన్స్ జవాబును ఇలా ముగించండి: టామాక్సిఫెన్ ముప్పు ప్రయోగశాలలో పూర్తిగా బయటపడలేదు, వేలాది మహిళలను ఏళ్ల తరబడి గమనించాకే తేలింది. కాబట్టి మందు అందించడం ఎంత ముఖ్యమో, మందు వాడుతున్న మనిషిని చివరిదాకా కనిపెట్టుకుని ఉండటం కూడా ప్రజారోగ్య వ్యవస్థకు అంతే ముఖ్యం.