చట్టం - కులం - చరిత్ర (7): దేవుడికిచ్చిన పిల్లను ఎవరడిగారు?

మతస్వేచ్ఛ మీద చర్చ జరిగినప్పుడల్లా మన విద్యార్థి సంఘాల్లో ఒక వాదన వినిపిస్తుంది: ఎవరి ఆచారం వాళ్ళది, రాజ్యం అందులో తలదూర్చకూడదు అని. మైనారిటీల మీద దాడులు జరుగుతున్న ఈ కాలంలో ఆ మాటకు బలం ఉంది. కానీ ఆ ఆచారం ఒక పదేళ్ళ పిల్ల మెడకు చుట్టుకుంటే?

దీని మీద అమెరికాలో ఒక ప్రసిద్ధమైన తీర్పు ఉంది. ఆమిష్‌లు అనే క్రైస్తవ శాఖవాళ్ళు బయటి లోకానికి దూరంగా బతుకుతారు. విస్కాన్సిన్ రాష్ట్రంలో 16 ఏళ్ళ దాకా పిల్లలు బడికి పోవాలని చట్టం. ఎనిమిదో తరగతి దాటిన చదువు తమ విశ్వాసానికి విరుద్ధమని ముగ్గురు తండ్రులు పిల్లల్ని బడి మాన్పించారు. తలా 5 డాలర్ల జరిమానా పడింది. 1972లో సుప్రీంకోర్టు తండ్రుల పక్షానే తీర్పు చెప్పింది. జస్టిస్ విలియం డగ్లస్ మాత్రం కొంతమేర విభేదించాడు. తండ్రుల హక్కు, ప్రభుత్వ అధికారం గురించే అందరూ మాట్లాడారు, మరి పిల్లల మాటేమిటి అన్నది ఆయన అభ్యంతరం. ఆ పిల్లల్లో కోర్టులో సాక్ష్యం చెప్పింది ఒక్క అమ్మాయే.

ఈ ప్రశ్నే మన వాడలో వేసి చూడండి. తెలంగాణలో జోగిని, కర్నూలు, అనంతపురం వైపు బసివి, చిత్తూరు వైపు మాతమ్మ. ఎక్కువమంది మాల, మాదిగ ఇళ్ళ ఆడపిల్లలే. ఇంట్లో జబ్బు చేసిందనో, మొక్కు ఉందనో ఊహ తెలియని పిల్లను దేవతకు ఇచ్చేస్తారు. ఈడేరాక ఆమె మీద ఊళ్ళో పెత్తనం ఉన్న మగవాళ్ళది హక్కు. ఆమెకు పుట్టిన బిడ్డకు బడి దరఖాస్తులో తండ్రి పేరు రాసే గడి దగ్గర అవమానం మొదలవుతుంది.

ఆమిష్‌లు తమంతట తామే విడిగా ఉన్నారు. మనల్ని ఊరు వెలివేసి విడిగా ఉంచింది. కాబట్టి జోగినీ వ్యవస్థను ‘దళితుల ఆచారం’ అని వదిలేయడం కుదరదు. మొక్కు వాడది, లాభం ఊరిది.

చట్టం చరిత్ర కూడా చూడాలి. 1927లో మద్రాసు శాసనమండలిలో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి దేవదాసీ వ్యవస్థ రద్దు కోరుతూ తీర్మానం పెట్టారు. కాంగ్రెస్ నాయకుడు సత్యమూర్తి వంటివాళ్ళు సంప్రదాయం పేరుతో అడ్డుపడ్డారు. చట్టం రావడానికి 1947 దాకా పట్టింది. అది మద్రాసు రాష్ట్రానిది. నిజాం ఏలుబడిలోని తెలంగాణ దాని పరిధిలో లేదు. ఆంధ్రప్రదేశ్ మొత్తానికీ దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది 1988లో. నడుమ 41 ఏళ్ళు. అంటే రెండు తరాల ఆడపిల్లలు.

ఇక రాజ్యాంగం. అంబేడ్కర్ అధ్యక్షతన ముసాయిదా రూపుదిద్దుకున్న రాజ్యాంగంలోని 25వ అధికరణ మతస్వేచ్ఛను ‘వ్యక్తులందరికీ’ ఇచ్చింది. ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యం, మిగతా ప్రాథమిక హక్కులు, వీటికి లోబడే ఇచ్చింది. సంఘ సంస్కరణ కోసం చట్టం చేసే అధికారం రాజ్యానికి ఉంచింది. 23వ అధికరణ మనుషుల క్రయవిక్రయాన్ని నిషేధించింది. పదేళ్ళ పిల్ల కూడా వ్యక్తే. మతస్వేచ్ఛ ఆమెకూ ఉంది, ఆ దేవత నాకొద్దు అనే స్వేచ్ఛతో సహా.

పిల్లల రక్షణ పేరుతో రాజ్యం ఒక మతాన్నే వేధిస్తుందన్న భయం ఒట్టిది కాదు. అందుకే ఒకే కొలమానం కావాలి. గుడి, మసీదు, చర్చి, మఠం, ఏదైనా సరే, పిల్ల శరీరానికి, చదువుకు హాని జరుగుతోందా? పిల్ల మాట విన్నారా? ఈ రెండూ అడగని చట్టం పోలీసు చేతిలో లాఠీగా మిగులుతుంది. ఈ రెండూ అడగని మతస్వేచ్ఛ పెద్దల పెత్తనంగా మిగులుతుంది.

సెలవుల్లో ఊళ్ళకు పోయే విద్యార్థులకు ఒక పని. జాతరలప్పుడు మీ వాడలో ఏ పిల్లనైనా దేవతకిచ్చే మాట వినబడితే ముందు ఆ పిల్లతో మాట్లాడండి. వెంటనే 1098కి ఫోన్ చేయండి. ఆ తల్లిదండ్రుల్ని దోషులుగా నిలబెట్టేముందు, వాళ్ళ చేత ఆ మొక్కు మొక్కించింది ఎవరో కూడా అడగండి.

జై భీమ్.