బసయు పాటయు: తిరుపతి సీమ చరిత్రలో ఒక పుట

దూరము నడచి వచ్చిన వానికి తల దాచుకొనుటకు బస కావలెను. అలసట మరచుటకు పాటయో ఆటయో కావలెను. ఈ రెండింటితో పేరొందిన నగరములలో అమెరికాలోని లాస్ వేగాస్ ఒకటి. 1931లో నెవాడా రాష్ట్రము జూదమును చట్టబద్ధము చేసెను. 1941లో ఎల్ రాంచో వేగాస్ అను హోటలు అచట వెలసెను. దాని వెనుక మరికొన్ని వచ్చినవి. వానిలో భోజనము చౌక. గాయకులకు పారితోషికము మాత్రము మిక్కిలి హెచ్చు. ఆ లోటును పూడ్చినది జూదరి పోగొట్టుకొనిన ధనమే.

మరి తిరుపతిలో ఈ వ్యయమును భరించిన వారెవరు?

15వ శతాబ్దిలో సాళువ నరసింహరాయలు రామానుజకూటములను నెలకొల్పి యాత్రికులకు అన్నము పెట్టించెను. ఆ కాలముననే తాళ్లపాక అన్నమాచార్యులు (1408–1503) స్వామిపై సంకీర్తనలు రచించిరి. అవి రాగిరేకుల కెక్కి కోవెలలోనే భద్రమైనవి. అన్నమునకును ఆరాధనకును దాతలిచ్చిన భూములు, గ్రామములే ఆధారము.

1843 నుండి 1933 వరకు ఆలయ నిర్వహణము హథీరాంజీ మఠము మహంతులది. మఠ మూలపురుషుడైన బావాజీతో శ్రీనివాసుడు పాచికలాడెనని జనశ్రుతి. ఆ కథలో పాచికలు చెలిమికే గాని ధనార్జనకు గావు. 1932 నాటి చట్టముతో దేవస్థానమునకు పాలకసంఘ మేర్పడెను. 1944లో ఘాటురోడ్డు పడెను. అంతకు ముందు కొండ యెక్కుటకు కాలినడకయో డోలీయో శరణ్యము. యాత్రికులు పెరిగిన కొలది సత్రముల సరసన హోటళ్లును లాడ్జీలును లేచినవి. 1959లో సంగీత నృత్య కళాశాల, 1985లో నిత్యాన్నదానము, 2009లో నాదనీరాజనము ఆరంభమైనవి. వీనికి మూలధనము భక్తుల కానుకలే.

కొండ దిగి చిత్తూరు సీమ పల్లెలకు వచ్చినను ఇదే ధర్మము. ద్రౌపదీ ఆలయముల కడ భారతము జరుగునపుడు పగలు హరికథ, రాత్రి నాటకము. అర్జునుని తపస్సు మాను ఎక్కుటయు దుర్యోధన వధయు చూచుటకు చుట్టుప్రక్కల ఊళ్లు కదలివచ్చును. తిరుపతి గంగమ్మ జాతరలో సామాన్య గృహస్థులే వేషములు కట్టుదురు. వీనికి టిక్కెట్టు లేదు.

సొమ్ము ఎవరిదో పాట తీరు వారిది. జూదశాలలో పాట జూదరిని కదలనీయకుండుటకు. సత్రములో పాట బాటసారి బడలిక తీర్చి మరునాడు దారి పట్టించుటకు. అయితే ఈ రెండవది తనంత తాను నిలుచునది కాదు. ఊరి గ్రంథాలయమువలెనే ఊరి భారతమును చందాలపై నిలిచినది. యువకులు పట్టణములకు తరలిపోవుచున్న ఈ దినములలో, ఇచ్చు చేయి వెనుదీసిన యేడు తపస్సు మానును నాటువారుండరు.