హాలీ రూపాయి నలుపు

జహీరాబాద్ ప్రాంతం 1956 దాకా బీదరు జిల్లాలోదే. ఝరాసంగంలో కేతకీ సంగమేశ్వరుడికి మొక్కు చెల్లించినా, సంతలో ఎడ్లజత బేరమాడినా నిజాం కాలంలో చేతులు మారింది హాలీ సిక్కానే. ఒకవైపు చార్మినార్, దాని ద్వారంలో నిజాం ఉస్మాన్ అలీఖాన్ పేరుకు గుర్తుగా ఒక అరబ్బీ అక్షరం. పాత ఇళ్లలో ఆ రూపాయి నేటికీ బయటపడుతుంటుంది, నల్లగా. చూడగానే మనవాళ్ల చేయి చింతపండు మీదికో, విభూతి మీదికో పోతుంది. నాణేలు సేకరించేవాళ్లకు గుండె గుభేల్మనేది అప్పుడే.

హాలీ రూపాయి బరువు 11.178 గ్రాములు, అందులో వెండి నూటికి 81.8 పాళ్లు. ఇంగ్లీషువాళ్ల కల్దార్ 11.66 గ్రాములు, వెండి 91.7 పాళ్లు. అసలు వెండి చూస్తే హాలీలో 9.14 గ్రాములు, కల్దార్‌లో 10.69. ఏడు హాలీలకు ఆరు కల్దార్లన్న మారకం దాదాపు ఈ లెక్కకే సరిపోతుంది! హాలీలో రాగి పాలు ఎక్కువ కనుక గోధుమ ఛాయ, పచ్చ మచ్చలు దానికి తేలిగ్గా వస్తాయి.

గాలిలోని గంధకపు వాయువులు సోకి వెండి మీద సిల్వర్ సల్ఫైడ్ పొర కడుతుంది. సేకర్తలు టోనింగ్ అనేది దీన్నే. పొర పలచగా ఉంటే దాని పైముఖం నుంచీ అడుగు నుంచీ తిరిగొచ్చే వెలుతురు కలగలిసి పసుపు, ఊదా, నీలం కనిపిస్తాయి, మందమైతే నలుపే. ఆ పొరలో ఉన్నది నాణెం తాలూకు వెండే. గట్టిగా తోమితే దానితోపాటు అచ్చుపడ్డనాటి మెరుపూ పోతుంది, పడిన గీతలు మళ్లీ పూడవు.

అమెరికాలో 1878లో మొదలైన మోర్గాన్ వెండి డాలర్లు దశాబ్దాలపాటు ఖజానాలో గుడ్డసంచుల్లో పడి ఉన్నాయి. సంచికి ఆనిన వాటిలో కొన్నిటికి ఇంద్రధనుస్సు రంగులొచ్చాయి. వాటికి ఎగబడి ధర పెట్టేవాళ్లున్నారు, పాడైపోవడానికి పెట్టిన ముద్దుపేరు టోనింగ్ అని కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు. రసాయనశాస్త్రం రెండోవాళ్ల పక్షమే. అయినా నా ఓటు నలుపుకే. సంతల్లో అరిగిన హాలీకి ఇంద్రధనుస్సు ఎక్కడిది? దానికుండేది బూడిదరంగు, పల్లాల్లో నలుపు. లోతుల్లో నిలిచిన ఆ నలుపు వల్లే పారశీక అక్షరాలు తేటగా కనిపిస్తాయి. పొరుగున బీదరు పనివాళ్లకు ఇది పాత విద్య. జింకు, రాగి కలిపి పోసిన పాత్రలో వెండి పొదిగి, కోటమట్టిని నవాసాగరంతో కలిపి పట్టిస్తారు. పాత్ర నల్లబడుతుంది, వెండి తళుక్కుమంటుంది. నాణేనికి మాత్రం గంధకం పట్టించి, వేడిచేసి రంగులు తెప్పించి అమ్మితే అది మోసమే.

లంబాడీ నగల్లో కొక్కెం అతికించిన రూపాయిల సంగతి వేరు. అతుకు పడితే సేకర్తల లెక్కలో ధర పడిపోతుంది. పడనీయండి, అవి ఆల్బమ్ కోసం చేసుకున్నవి కావు.

దాచడానికి పెద్ద ఖర్చేమీ లేదు. రబ్బరుబ్యాండ్లు, ఉన్నిగుడ్డ, వార్తాపత్రిక వెండికి పడవు, వీటిలో గంధకం ఉంటుంది. అన్నిటికంటే చెడ్డది బజారులో చవగ్గా దొరికే మెత్తటి పీవీసీ కవరు. కొన్నేళ్లకు అందులోంచి ఊరే రసాయనాలు నాణెంలోని రాగితో కలిసి పచ్చజిగురు అవుతాయి. పాలిస్టర్ కవరు, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం, ఎక్కువ వేడెక్కని బీరువా చాలు. నాణేన్ని అంచులతోనే పట్టుకోవాలి. జిగురు కొత్తగా పట్టినదైతే శుద్ధమైన అసిటోన్‌లో ముంచి తీస్తే పోతుంది, టోనింగ్ చెదరదు. అసిటోన్‌కు ఇట్టే నిప్పంటుకుంటుంది కాబట్టి ఆ పని వంటింట్లో వద్దు.