బావి గట్టు నుండి పోటీ కొలను వరకు: పిల్లల ఈత శిక్షణ చరిత్ర



కోయిలకుంట్ల పరిసరాలలో పుట్టి పెరిగినవారికి నీటి విలువను ప్రత్యేకించి చెప్పనక్కరలేదు. వానలు ముఖం చాటేసిన ఏడు కుందూ నది సన్నని పాయగా మిగులుతుంది. వానలు విరగబడిన ఏడు అదే కుందూ నల్లరేగడి చేలను ముంచెత్తి, కమలాపురం వద్ద పెన్నలో కలిసేదాకా ఉరకలు వేస్తుంది. ఇటువంటి సీమలో ఈత అనేది వినోదానికి ముందు ప్రాణరక్షణ విద్య. ఆ విద్యకు పాఠశాల కపిల బావి. గురువు మేనమామో, పెదనాన్నో, వరుసకు అన్నో. పిల్లవాని నడుముకు ఎండిన సొరబుర్రలో, బెండుకట్టెలో కట్టి నీటిలోకి దింపేవారు. భయం తీరిన కొద్దీ ఒక్కొక్క బుర్రను తీసివేసేవారు. చివరి బుర్ర తీసిన నాడు కుర్రవాడు ఈతగాడైనట్లు లెక్క.

ఈ పద్ధతిలో రెండు సుగుణాలున్నవి. మొదటిది, నేర్పేవాడు నీటిలోనే, చేతికందే దూరంలో ఉండేవాడు. రెండవది, ఆసరాను పిల్లవాని ధైర్యాన్ని బట్టి తగ్గించేవారు. అయితే ఓపిక లేని పెద్దలు అనుసరించిన మరొక పద్ధతి కూడా ఉండేది: పిల్లవానిని ఎత్తి బావిలోకి విసరివేయడం. అలా ఈత వచ్చినవారు ఆ కథను నవ్వుతూ చెప్పుకొంటారు. అలా జీవితాంతం నీటికి దూరమైనవారు ఏమీ చెప్పుకోరు. పోటీ ఈతలో పిల్లలకు శిక్షణ ఇచ్చిన చరిత్రంతా, ఒక విధంగా, ఈ రెండు పద్ధతుల మధ్య జరిగిన పెనుగులాటయే. ఆ చరిత్రను ఒక వైద్యుని దృష్టితో మీ ముందుంచడం ఈ వ్యాసం ఉద్దేశం.

తొలినాళ్ళలో దీర్ఘదూరపు ఈత అంటే కేవలం గుండెనిబ్బరమని భావించేవారు. 1875 ఆగస్టులో మాథ్యూ వెబ్ అనే ఆంగ్ల నావికుడు కప్ప ఈత వంటి బ్రెస్ట్ స్ట్రోక్‌తో దాదాపు 22 గంటలు ఈది ఇంగ్లిష్ ఛానెల్‌ను దాటాడు. అదే సాహసగుణం 1883లో ఆయనను నయాగరా జలపాతం దిగువనున్న సుడులలోకి దింపి ప్రాణం తీసింది. ధైర్యం ఈతగానిని ఒడ్డు చేర్చగలదు. కాని ఎప్పుడు దిగకూడదో చెప్పగలిగినది వివేకం మాత్రమే. ఆ వివేకాన్ని అందించవలసినవాడే శిక్షకుడు.

మన దేశంలో ఇందుకు చక్కని ఉదాహరణ కలకత్తాలో కనబడుతుంది. సచిన్ నాగ్ 1947 నాటి అల్లర్లలో కాలికి తూటా తగిలినా తిరిగి కోలుకొని 1948 లండన్ ఒలింపిక్స్‌లో పాల్గొన్నాడు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో 100 మీటర్ల ఫ్రీస్టైల్‌లో స్వర్ణం గెలిచాడు. హాట్‌ఖోలా క్లబ్బులో ఈత నేర్చిన ఆరతీ సాహా అనే బాలికను తీర్చిదిద్దినవాడు ఆయనే. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌కు వెళ్ళేనాటికి ఆమెకు నిండా పన్నెండేళ్ళు లేవు. 1959 ఆగస్టు 27న ఆమె ఇంగ్లిష్ ఛానెల్‌లోకి దిగింది. పద్నాలుగు గంటలకు పైగా ఈది, ఒడ్డు మరికొన్ని మైళ్ళ దూరంలో ఉండగా, ఎదురు ప్రవాహానికి లొంగి ఆగిపోవలసి వచ్చింది. మళ్ళీ 33 రోజులకు, సెప్టెంబరు 29న, 16 గంటల 20 నిమిషాలలో ఛానెల్‌ను దాటి ఆ ఘనత సాధించిన తొలి ఆసియా మహిళగా నిలిచింది. ఆ మొదటి ప్రయత్నాన్ని వైఫల్యంగా ముద్రవేసి ఇంటికి పంపివేసి ఉంటే రెండవ ప్రయత్నం ఉండేది కాదని ఇక్కడ మనం గ్రహించాలి.

ఇంతలో శాస్త్రం కొలను గట్టుకు చేరుకున్నది. 1930లలో జర్మనీలో వోల్డెమార్ గెర్ష్లర్ అనే శిక్షకుడు, హెర్బర్ట్ రైన్‌డెల్ అనే హృద్రోగ వైద్యుడు కలిసి పరుగు పందెగాళ్ళ నాడిని కొలుస్తూ, కొంతసేపు శ్రమ, కొంతసేపు విశ్రాంతి అనే విరామ శిక్షణను రూపొందించారు. శ్రమ ఎంత ముఖ్యమో, నాడి నెమ్మదించే విశ్రాంతి కూడా అంతే ముఖ్యమన్నది దాని సారం. ఆస్ట్రేలియాలో శరీరధర్మ శాస్త్రాచార్యుడు ఫ్రాంక్ కాటన్, ఆయన శిష్యుడు ఫోర్బ్స్ కార్లైల్ ఇటువంటి ఆలోచనలను ఈతకు అన్వయించారు. పోటీకి ముందు దినాలలో సాధనను క్రమంగా తగ్గించాలన్న సూత్రం వారి కృషి వల్లనే వ్యాప్తిలోకి వచ్చింది. పరీక్ష ముందు రాత్రంతా మేల్కొని చదివే మన పిల్లలకు సైతం పనికివచ్చే సూత్రమిది. అమెరికాలో ఇండియానా విశ్వవిద్యాలయపు జేమ్స్ కౌన్సిల్మన్ నీటి అడుగున ఛాయాచిత్రాలు తీసి చేతి కదలికలను పరిశీలించి, 1968లో ఈత శాస్త్రంపై ఒక ప్రామాణిక గ్రంథం ప్రచురించాడు. మెక్సికో ఒలింపిక్స్‌లో అనుకున్నన్ని పతకాలు రాక కుంగిన మార్క్ స్పిట్జ్ ఆయన వద్ద చేరి, 1972 మ్యూనిక్‌లో ఏడు స్వర్ణాలు గెలిచాడు.

అదే కాలంలో వయసువారీ పోటీలు కూడా వచ్చాయి. ఎనిమిదేళ్ళ పిల్ల పదహారేళ్ళ పిల్లతో కాక, తన ఈడువారితోనే పోటీపడాలన్నది 1950ల ఆరంభంలో అమెరికాలో కార్ల్ బాయర్ వంటివారు అమలుకు తెచ్చిన ఆలోచన. దీనివలన వేలాది పిల్లలు కొలనులకు వచ్చారు. అయితే దీని వెంటనే ఒక ప్రమాదం కూడా వచ్చింది. పదేళ్ళకే ‘ఛాంపియన్’ అనిపించుకొన్న బిడ్డపై పెద్దల ఆశలు కొండంత పెరిగాయి. ఒకే ఈడు పిల్లలలో యౌవనోదయం ముందు వెనుకలుగా వస్తుంది. ముందుగా ఎదిగిన బిడ్డ గెలుపు చాలా వరకు ఎముకల పొడవుదే. ఆలస్యంగా ఎదిగే బిడ్డ ఓటమి తాత్కాలికమే. ఈ సంగతి తెలియని తల్లిదండ్రులు ఒకరిని నెత్తికెత్తుకొని, మరొకరిని నిరుత్సాహపరుస్తారు.

కార్లైల్ దంపతుల శిష్యురాలు షేన్ గూల్డ్ కథ ఆలోచింపదగినది. 1972లో పదిహేనేళ్ళ వయసులో ఆమె మూడు వ్యక్తిగత స్వర్ణాలతో సహా ఐదు పతకాలు గెలిచింది. 100 మీటర్ల నుండి 1500 మీటర్ల వరకు ఫ్రీస్టైల్ ప్రపంచ రికార్డులన్నీ ఒకే సమయంలో ఆమెవే. మరుసటి ఏడే, పదహారేళ్ళకే, ఆమె పోటీల నుండి తప్పుకొన్నది. శిక్షణలో శాస్త్రం ఎంత ఉన్నా, ఒక బాలిక మనసు మోయగల కీర్తి భారానికి కూడా పరిమితి ఉంటుంది.

చరిత్రలోని అత్యంత చీకటి అధ్యాయం తూర్పు జర్మనీది. 1972లో ఆ దేశపు మహిళా ఈతగాళ్ళకు ఒక్క స్వర్ణమూ రాలేదు. నాలుగేళ్ళ తరువాత మాంట్రియల్‌లో 13 స్వర్ణాలలో 11 వారివే. నడుమ జరిగినదేమిటంటే, 1974లో ప్రభుత్వమే ‘14.25’ అనే రహస్య పథకం క్రింద పురుష హార్మోనును పోలిన మందులను క్రీడాకారులకు ఇప్పించడం ప్రారంభించింది. చిన్నారి బాలికలకు ఆ మాత్రలను విటమిన్లని చెప్పి మింగించారు. గొంతు బొంగురుపోవడం, కాలేయం దెబ్బతినడం, సంతానలేమి వంటి బాధలను వారిలో పలువురు ఆ తరువాత అనుభవించారు. పత్రాలు బయటపడిన మీదట 2000 సంవత్సరంలో బెర్లిన్ న్యాయస్థానం క్రీడాధిపతి మాన్‌ఫ్రెడ్ ఎవాల్డ్‌ను, వైద్యుడు మాన్‌ఫ్రెడ్ హోప్నర్‌ను దోషులుగా తేల్చింది. ఆ పంక్తిలో ఒక వైద్యుడు నిలబడి ఉండటం మా వృత్తికి మాయని మచ్చ. మీ బిడ్డకు ఎవరైనా ‘బలానికి’ అంటూ పేరు చెప్పని పొడి గాని, మాత్ర గాని, సూది గాని ఇస్తే, అది ఏమిటని అడిగే హక్కు మీది. అడగవలసిన బాధ్యత కూడా మీదే.

మరి పిల్లలలో ఉత్సాహాన్ని నిలిపేది ఏమిటి? 1973లో అమెరికాలో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు బొమ్మలు వేయడమంటే ఇష్టపడే చిన్నపిల్లలను పరిశీలించారు. బొమ్మ వేస్తే బహుమానం ఇస్తామని ముందుగా ఆశపెట్టిన పిల్లలు, కొన్నాళ్ళ తరువాత చూడగా, ఆశపెట్టని పిల్లలకంటే చాలా తక్కువసేపు బొమ్మలు వేశారు. ఇష్టంతో చేసే పని కూలికి చేసే పనిగా మారిపోయినది. ‘మెడల్ తెస్తే సెల్‌ఫోన్ కొనిస్తాను’ అనే తండ్రి ఈ ప్రయోగాన్ని ఒకసారి తలచుకోవాలి. ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ రయన్ అనే పరిశోధకులు మనిషి ఉత్సాహానికి మూడు మూలాలు చెప్పారు: తన పనిలో తనకు కొంత స్వేచ్ఛ ఉండటం, తనకు పని చేతనవుతున్నదన్న తృప్తి, తనవారు తనతో ఉన్నారన్న నమ్మకం. బావి గట్టున సొరబుర్రలు ఒక్కొక్కటిగా విప్పిన మేనమామకు ఈ సిద్ధాంతం పేరు తెలియదు. సారం మాత్రం తెలుసు.

మైకేల్ ఫెల్ప్స్ మొదట్లో నీటిలో ముఖం పెట్టడానికే జంకి, వెల్లకిలా ఈదడం ముందుగా నేర్చుకొన్నాడు. తొమ్మిదేళ్ళ వయసులో ఏకాగ్రతా లోపమున్నట్లు వైద్యులు గుర్తించారు. పదకొండేళ్ళ నుండి బాబ్ బౌమన్ వద్ద శిక్షణ పొందాడు. అనుకోని చిక్కులకు సైతం అలవాటుపడేలా బౌమన్ అతనిని తయారుచేశాడు. 2008 బీజింగ్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లై ఈదుతుండగా కళ్ళద్దాలలోకి నీరు చేరి దారి కనబడకపోయినా, చేతి విసుర్లు లెక్కపెట్టుకొంటూ ప్రపంచ రికార్డుతో గెలిచాడు. అంతటి విజేత కూడా తరువాత తాను తీవ్రమైన మానసిక కుంగుబాటుకు లోనైన సంగతిని బహిరంగంగా చెప్పాడు. పతకాలు మనోవ్యాధికి టీకా కావు.

మన దేశంలో కేరళకు చెందిన సాజన్ ప్రకాశ్ మెడ వెన్నుపూసల గాయంతో చేయి సరిగా కదపలేని స్థితి నుండి కోలుకొని, బెంగుళూరు శిక్షకుడు ప్రదీప్ కుమార్ మార్గదర్శకత్వంలో 2021 జూన్‌లో ఒలింపిక్స్ ‘ఎ’ అర్హత సమయాన్ని అందుకొన్న తొలి భారతీయ ఈతగాడైనాడు. మన తెలుగువారిలో విజయవాడ పోలీసు ఉద్యోగి తులసీ చైతన్య సముద్రపు ఈతలో చూపిన సాహసానికి టెన్జింగ్ నార్గే పురస్కారం అందుకొన్నాడు. హైదరాబాదుకు చెందిన గోలి శ్యామల నడివయసులో ఈత ప్రారంభించి, 2021 మార్చిలో శ్రీలంక నుండి పాక్ జలసంధిని 13 గంటలకు పైగా ఈది దాటింది. పదేళ్ళకు పతకం రాకపోతే జన్మ వ్యర్థమనుకొనే తల్లిదండ్రులకు ఆమె జీవితమే జవాబు.

ఇక, పిల్లలను ఈత శిక్షణకు పంపే మీకు ఒక వైద్యునిగా నాలుగు మాటలు.

ఒకటి, భుజం. పోటీ ఈతగాడు వారంలో వేల సార్లు చేయి తిప్పుతాడు. భుజం నొప్పితో ఈదడం వీరత్వం కాదు. నొప్పి చెప్పిన బిడ్డను ‘సాకులు’ అనవద్దు. సాధన తగ్గించి, వైద్యునికి చూపించండి.

రెండు, నిద్ర. ఆరు నుండి పన్నెండేళ్ళ పిల్లలకు 9 నుండి 12 గంటలు, పదమూడు నుండి పద్దెనిమిదేళ్ళవారికి 8 నుండి 10 గంటలు నిద్ర అవసరం. తెల్లవారుజామున కొలనుకు, రాత్రి పొద్దుపోయేదాకా ట్యూషనుకు పంపితే ఎదిగే శరీరం అప్పుల పాలవుతుంది.

మూడు, ఇది ప్రాణానికి సంబంధించినది. నీటి అడుగున ఎవరు ఎక్కువసేపు ఉంటారని మన పిల్లకాయలు బావులలోను, కాలువలలోను పందేలు వేసుకొంటారు. మునిగే ముందు గబగబా గాఢంగా ఊపిరి తీసి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. ఊపిరి తీసుకోమని మెదడును హెచ్చరించేది ముఖ్యంగా అదే. హెచ్చరిక రాకముందే ప్రాణవాయువు అడుగంటి, పిల్లవాడు నీటిలోనే నిశ్శబ్దంగా స్పృహ తప్పుతాడు. చక్కగా ఈత వచ్చినవారు కూడా ఇలా మరణిస్తారు. ఈ పందెం ఎక్కడ కనబడినా ఆపించండి. 2021లో ప్రపంచంలో సుమారు 3 లక్షలమంది నీట మునిగి మరణించినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

నాలుగు, ఇంటికి వచ్చిన బిడ్డను అడిగే మొదటి ప్రశ్న. ‘ఎన్నో స్థానం వచ్చింది?’ అని కాక, ‘ఈ దినం నీటిలో కొత్తగా ఏమి చేతనైంది?’ అని అడిగి చూడండి. మొదటి ప్రశ్నకు ఒక్క బిడ్డ మాత్రమే సంతోషంగా బదులు చెప్పగలదు. రెండవదానికి కొలనులోని ప్రతి బిడ్డ దగ్గరా జవాబుంటుంది.

వెబ్ కాలం నుండి నేటి వరకు సాగిన నూటయాభై ఏళ్ళ అనుభవం చెప్పేది ఇదే: బిడ్డను నీటిలోకి విసరినవారు కొన్ని పతకాలు తెచ్చారు, చాలా జీవితాలు పోగొట్టారు. పక్కన నిలిచి ఆసరాను కొద్దికొద్దిగా తగ్గించినవారు ఈతగాళ్ళను తయారుచేశారు. మీ ఇంటి బిడ్డకు మీరు ఏ గట్టున నిలబడతారో నిర్ణయించుకోవలసినది మీరే.