మారినది గొంతేనా? – జెనెసిస్ కథ

ఒక సంగీత బృందం నుండి ప్రధాన గాయకుడు తప్పుకున్న తరువాత దాని బాణీ కూడా మారిపోతే, నింద కొత్త గాయకుడి మీద పడటం లోకరీతి. ఇంగ్లండుకు చెందిన జెనెసిస్ బృందం విషయంలో ఆ నిందను దశాబ్దాలుగా మోస్తున్నవాడు ఫిల్ కాలిన్స్. ఆల్బములను సంవత్సరాల వరుసలో వింటే మాత్రం వేరొక కథ వినిపిస్తుంది.

1967లో చార్టర్‌హౌస్ పాఠశాల విద్యార్థులు కొందరు నెలకొల్పిన బృందమిది. పీటర్ గాబ్రియెల్ గాయకుడు. టోనీ బ్యాంక్స్ కీబోర్డు, మైక్ రూథర్‌ఫర్డ్ బేస్ గిటారు వాయించేవారు. 1970లో డ్రమ్స్ వాయించడానికి కాలిన్స్, మరుసటి ఏడు గిటారిస్టుగా స్టీవ్ హాకెట్ చేరారు. ప్రోగ్రెసివ్ రాక్ అంటే సుదీర్ఘమైన పాటలు, పురాణకల్పనలు, లెక్క తప్పించే తాళాలు. 1972 నాటి ‘ఫాక్స్‌ట్రాట్’లో ‘సప్పర్స్ రెడీ’ అనే పాట ఒక్కటే దాదాపు 23 నిమిషాలు. పైగా గాబ్రియెల్ నక్క తల, ఎర్ర గౌను ధరించి వేదిక ఎక్కేవాడు. చూసేవారికి జెనెసిస్ అంటే గాబ్రియెలే.

1975లో ఆయన తప్పుకున్నాడు. మిగిలిన నలుగురూ ఎందరో గాయకులను పరీక్షించి, చివరకు ఆ బాధ్యతను కాలిన్స్‌కే అప్పగించారు. ఆ గొంతు శ్రోతలకు కొత్తదేమీ కాదు. 1971లో ‘ఫర్ ఆబ్సెంట్ ఫ్రెండ్స్’, 1973లో ‘మోర్ ఫూల్ మీ’ పాడినది అతడే. 1976లో ‘ఎ ట్రిక్ ఆఫ్ ది టెయిల్’ వెలువడింది. గాబ్రియెల్ గొంతులోని గరుకుదనం, నాటకీయత పోయి మార్దవం వచ్చిన మాట నిజం. కానీ పన్నెండు తంత్రుల గిటారు, మెల్లోట్రాన్ అలాగే ఉన్నాయి. ‘డాన్స్ ఆన్ ఎ వోల్కేనో’ మన మిశ్రచాపు వలె ఏడు లెక్కలతో నడుస్తుంది. గాయకుడు మారాడు, సంగీతం మారలేదు.

అసలు మార్పు 1977లో హాకెట్ నిష్క్రమణతో మొదలైంది. 1978 ఆల్బములో పాటలు పొట్టివయ్యాయి. బ్రిటన్‌లో తొలి పది స్థానాలలోకి చేరిన వారి మొదటి పాట ‘ఫాలో యూ ఫాలో మీ’ సరళమైన ప్రేమగీతం. దాని సాహిత్యం కాలిన్స్‌ది కాదు, వ్యవస్థాపకులలో ఒకడైన రూథర్‌ఫర్డ్‌ది!

ఇంకొక విచిత్రం. తరువాతి జెనెసిస్‌కు గుర్తుగా నిలిచిన డ్రమ్స్ ధ్వని – ఒక్కసారిగా ఉప్పొంగి, కత్తితో కోసినట్టు ఆగిపోయే ఆ ప్రతిధ్వని – ప్రసిద్ధికెక్కినది 1980లో గాబ్రియెల్ సొంత ఆల్బములోని ‘ఇంట్రూడర్’ పాటతో. వాయించినది కాలిన్స్, ఇంజనీరు హ్యూ పాడ్గమ్. 1981లో జెనెసిస్ ‘అబకాబ్’కు ఇంజనీరు ఆయనే. 1986 జులైలో అమెరికాలో జెనెసిస్ పాట ‘ఇన్విజిబుల్ టచ్’ను ప్రథమస్థానం నుండి తప్పించినది గాబ్రియెల్ ‘స్లెడ్జ్‌హామర్’. వెళ్ళినవాడూ ఉన్నవాడూ వేర్వేరు దారుల్లో ఒకే సంతకు చేరారన్నమాట. మారినది కాలం, వాయించే చేతులు, స్టూడియోల పనితనం. వీటన్నిటి భారాన్నీ ఒక్క కంఠం మీద మోపడం న్యాయం కాదు.

2022 మార్చి 26న లండన్‌లో జెనెసిస్ చివరి కచేరీ జరిగింది. అనారోగ్యం వల్ల డ్రమ్స్ వాయించలేని కాలిన్స్ కుర్చీలో కూర్చుని పాడాడు. డ్రమ్స్ దగ్గర అతని కుమారుడు నిక్. శ్రోతల నడుమ కూర్చుని విన్నవారిలో పీటర్ గాబ్రియెల్ కూడా ఉన్నాడు.

వీలైతే ‘ఫాక్స్‌ట్రాట్’ విన్న వెంటనే ‘ఎ ట్రిక్ ఆఫ్ ది టెయిల్’ విని చూడండి.