కిలీము బొమ్మలకు మగ్గమే పుట్టిల్లు

అనటోలియాలోని తురుష్క యూరుక్‌లు, కుర్దు సంచార తెగలవాళ్లు గుడారాల్లో వాడుకోవడానికి నేసిన పాత ఉన్ని పరుపులు, అంటే కిలీములకు, అమెరికాలో గొప్ప ఆదరణ ఉంది. కరోలైన్, హెచ్. మెకాయ్ జోన్స్ దంపతులు సేకరించినవి శాన్‌ఫ్రాన్సిస్కోలోని డి యంగ్ మ్యూజియానికి చేరాయి. 1990లో అక్కడ ప్రదర్శన జరిగింది. సరిగ్గా ఆ రోజుల్లోనే కిలీము బొమ్మల పుట్టుక మీద పెద్ద వాదం నడుస్తోంది. 1960లలో అనటోలియాలోని చాతల్‌హొయుక్‌ను తవ్విన పురావస్తు శాస్త్రవేత్త జేమ్స్ మెలార్ట్, 9,000 ఏళ్ల నాటి ఆ ఊరి గోడల మీద కిలీము బొమ్మలే ఉండేవనీ, వాటిలో కనిపించేది ఆనాటి అమ్మతల్లేననీ 1989లో సహరచయితలతో కలిసి నాలుగు సంపుటాల్లో ప్రకటించాడు. వినసొంపైన కథే. కానీ ఆ చిత్రాలకు ఫొటోలు లేవు, ఆయన గీసిన బొమ్మలే సాక్ష్యం.

నా దృష్టిలో సమాధానం నేతలోనే ఉంది. మన వరంగల్ జంపఖానాలాగే కిలీమూ కుచ్చు లేని చదును నేత. రంగు పేక పడుగును పూర్తిగా కప్పేస్తూ తన హద్దు దాకా వెళ్లి వెనక్కి తిరుగుతుంది, పక్క రంగు పక్క పోగు దగ్గర తిరుగుతుంది. ఆ రెండింటి మధ్య నిలువు చీలిక మిగులుతుంది. అది పొడుగైతే బట్టకు బలం పోతుంది. అందుకే నేతగత్తె కొన్ని వరసలకోసారి హద్దును పక్కకు జరుపుతుంది. మెట్ల అంచు, వజ్రాకారం, కొక్కెం, రంపపు పళ్లు అలా పుడతాయి. అట్లాంటాకు చెందిన నేత నిపుణురాలు మార్లా మాలెట్ 1990లో ఈ వైపు నుంచే మెలార్ట్‌ను ఖండించింది. వాషింగ్టన్‌లో జార్జ్ హ్యూయిట్ మయర్స్ 1925లో స్థాపించిన టెక్స్‌టైల్ మ్యూజియంలో అనటోలియా నేతల సరసన పాత పెరూ నేతలూ ఉన్నాయి. అనటోలియాతో ఏ సంబంధమూ లేని పెరూవాళ్లూ చీలిక నేతలో మెట్ల బొమ్మలే వేశారు.

గోడల మీద బొమ్మలు గీసినవాళ్లే అప్పటి కిలీములను చూసి గీశారేమో అనవచ్చు. కానీ కిలీము నేసేది ఉన్నితో; చాతల్‌హొయుక్‌లో దొరికిన బట్ట ఉన్నిది కాదు, ఓక్ చెట్టు నారదని 2021లో తేలింది. మెలార్ట్ 2012లో పోయాక, ఆయన ఇంట్లో ఆ గోడచిత్రాల చిత్తుప్రతులు దొరికాయని, అంటే అవి ఆయనే కల్పించినవని, పరిశోధకుడు ఎబర్‌హార్డ్ జాంగర్ 2018లో బయటపెట్టాడు.

అయితే ఆ బొమ్మలకు అర్థమే లేదా? ఉంటుంది. మగ్గం హద్దులు పెడుతుంది, అంతే. దేని పక్కన దేన్ని నిలపాలి, మంజిష్ఠ ఎరుపు ఎంత, నీలిమందు నీలం ఎంత అన్నది నేసే ఆమె ఇష్టం. తెగ తెగకూ కిలీము మారేది అందుకే. దేవత కథ ఆ నేర్పును వట్టి అనుకరణ చేసేస్తుంది. చీలిక పెరగకుండా, అందం చెడకుండా పోగు పోగుకూ ఆమె చేసిన నిర్ణయం గురించే మ్యూజియం పలక మీద ముందు రాయాలి.